జర్మనీకి వెళ్లే ఫొటో

న్యూజిలాండ్‌లో జింకల్ని పెంచే ఒకతను, ఐదేళ్ల కింద పోయిన అన్న ఫొటో కోసం వదిన వంటింటికి వచ్చాడు. ఆమె టీ పోసింది గానీ, ఫొటోని తన చేతిలోనే ఉంచుకుంది.

“మన జింక మాంసాన్ని జర్మనీలో అమ్మిపెడతానని గవర్నమెంటు ముందుకొచ్చింది, వదినా. ప్రచారానికి రంగుల పుస్తకం వేస్తున్నారు. మొదటి పేజీలో అన్నయ్యే ఉండాలట.”

“ఏమని రాస్తారు?”

“హెలికాప్టర్ మీంచి దూకి అడవి జింకల్ని ప్రాణాలతో పట్టినవాడని. మన దొడ్లలో ఉన్నవన్నీ వాటి పిల్లలే కదా.”

“ఎలా పోయాడో కూడా రాస్తారా?”

“మాంసం కొనేవాళ్లకి అదెందుకు?”

“పోనీ, నాకు చెప్పు. ఆ రోజు హెలికాప్టర్ నడిపింది నువ్వేగా.”

“విచారణలో చెప్పాను కదా, జారిపడ్డాడని.”

“ఆయన జారే మనిషి కాడు.”

అతను కప్పు కింద పెట్టాడు.

“నేనే దూకమన్నాను, వదినా. మంచు కమ్మేసింది. నేల దగ్గరే ఉందనుకున్నాను. నా మాట నమ్మాడు.”

ఆమె ఫొటోని అతని ముందుకు తోసింది.

“తీసుకెళ్లు. దూకాడనే వేయించు. నువ్వు మాత్రం ఇంకెప్పుడూ ఈ గుమ్మం తొక్కకు.”