గాలాల పెట్టె సముద్రయానం

సైకిలు షాపు మీది గదిలో బల్లలు జోడించి ట్రాక్ ఒకటి అమర్చి ఉంది. దానిలో కోసిన గాడుల వెంట అరచేతి పొడవు కరెంటు కార్లు పరుగెత్తుతాయి. పొరుగూరి పందేనికి ఆ ఆరు కార్లనూ ఎవరు మోసుకెళ్ళాలన్నది ఆ సాయంత్రం తేలవలసిన విషయం. ఆ పని తనకే దక్కాలని కరెంటు మేస్త్రి పట్టుదల. నిరుడు ఆయనే వాటిని తువ్వాలులో చుట్టి తీసుకెళ్ళి, బస్సులో సీటు దొరికిన సంబరంలో వాటి మీదనే కూర్చున్నాడు. ఆ చప్పుడు ఇప్పటికీ ఆయన చెవుల్లో ఉంది. మిగిలినవారి నోళ్ళలో ఉంది.

అందుకే ఈసారి పాత గాలాల పెట్టెతో వచ్చాడు. చేపలు పట్టేవారి ఇనుప పెట్టె. మూత ఎత్తితే అరలు మెట్లు మెట్లుగా విచ్చుకుంటాయి. గాలాలు ఉండవలసిన గళ్ళలో మెత్తటి ఫ్లానెల్ గుడ్డ పరచి ఉంది.

"మొన్న సైకిలు మీంచి పడింది," అని మేస్త్రి టీ గ్లాసు పక్కన పెట్టి మొదలుపెట్టాడు. "లోపల నా కారు ఒకటుంది. తెరిచి చూస్తే ఇంత కూడా కదల్లేదు!"

"బాగుంది," అన్నాడు గడియారాలు బాగుచేసే పెద్దాయన. ఆ గదికి ఆయన మాటే తీర్పు.

ఆ ఒక్క మాటతో మేస్త్రికి ఊపు వచ్చింది. "అదేం చూశారు పెద్దాయనా! అంతకుముందు బస్సు టాపు మీంచి పడి, కొండ మలుపులన్నీ దొర్లి, బస్సుకంటే ముందు స్టాండుకు చేరింది. కండక్టరు దానికి దణ్ణం పెట్టాడు."

"టికెట్టు కొట్టలేదా బావా?" అన్నాడు టైలరు.

"నువ్వాగు బావా, అసలు సంగతి వినవూ! ఓసారి పడవలోంచి సముద్రంలో జారిపడింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇల్లంత చేప ఒకటి వచ్చి గుటుక్కున మింగేసింది. మూడు రోజులు! మూడో రోజు చూద్దును గదా, ఆ చేప పడవ చుట్టూ గిరగిరా తిరుగుతోంది. ఎందుకూ? దాని కడుపులో నా కార్లు పరుగెడుతున్నాయి!"

"కరెంటో?"

"సముద్రంలో కరెంటు చేపలు లేవూ? పక్కన ఒకటి ఉండే ఉంటుంది. చేప మన ట్రాక్ మలుపులన్నీ వరసగా తిరిగింది బావా! ఒక్క నాలుగో మలుపు దగ్గర కాస్త జారింది."

"అక్కడ అందరం జారుతాంలే," అన్నాడు టైలరు. అంటూనే పెట్టె అడుగు అర మూలలో వేలు పెట్టి చిన్న ఇనుప చక్రం ఒకటి పైకి తీశాడు. దానికి నీలం దారం చుట్టి ఉంది. "ఇది కుట్టుమిషను బాబిను. నీ చేప రవికెలు కూడా కుట్టేదా?"

గది గొల్లుమంది. టైలరు అంతటితో ఆగలేదు.

"మొన్న మంగళవారం దాకా ఇది మా చెల్లెమ్మ కుట్టుపెట్టె. మొగుడు మళ్ళీ నవ్వులపాలు కాకూడదని నా షాపులో ఫ్లానెల్ ముక్కలు అడిగి తీసుకెళ్ళింది. కార్లు రిపేరుకని నీ ఇంట్లో ఉన్న రెండు రోజుల్లో ఒక్కోదాన్నీ దారంతో కొలిచింది. పాపం, ఇప్పుడు ఆమె బొత్తాలు పంచదార డబ్బాలో ఉన్నాయి."

"నిన్న టీలో ఒకటి వచ్చింది," అని మేస్త్రి మెల్లగా ఒప్పుకున్నాడు. ఆ సాయంత్రం ఆయన చెప్పిన మొదటి నిజం అదే. చెవులు ఎర్రబడినా, ఆయనకే నవ్వాగలేదు.

పెద్దాయన నవ్వలేదు. ఆరు కార్లనూ ఒక్కొక్కటిగా గళ్ళలో పెట్టాడు. ప్రతిదీ కొలిచినట్టు కూర్చుంది. మూత వేసి, గొళ్ళెం బిగించి, పెట్టెను చెవి దగ్గర ఊపాడు. సడి లేదు.

"చెల్లెమ్మ పనితనం గొప్పది. కార్లు ఇందులోనే వెళ్తాయి. మోసేది నువ్వే మేస్త్రీ."

మేస్త్రి ముఖం వెలిగిపోయింది. పెట్టెను రెండు చేతులా పొదివి పట్టుకున్నాడు. "చూశావా బావా! అసలు ఈ పెట్టె మీద ఓసారి ఏనుగు..."

"ఒక్క షరతు," అన్నాడు పెద్దాయన. "బస్సంతా ఖాళీగా ఉన్నా సరే, నువ్వు మాత్రం నిలబడే రావాలి."