కలకత్తా నుంచి కట్ట దాకా

హలో… ఆఁ, నేనే తమ్మీ, అక్కను. చెప్పు జల్దీ. చేప పిల్లల డబ్బలు చేతికొచ్చినయా?…

ఇంకా రాలే?!

ఎల్లేషూ, ఒంటిగంట దాటంగనే దిగింది గదా విమానం! ఇప్పుడు మూడున్నరాయె. అప్పటిసంది ఏం జేస్తుండ్రు ఆ శంషాబాద్‌ల?…

ముద్రా?… ముద్రేసే సారు అన్నానికి వోయిండా? మరి పిల్లలకు ఎవలు జెప్పాలె, అందాక ఊపిరి ఆపుకోండ్రని!…

లేదు లేదు, నీ మీద గాదు. నా మీద నాకే కోపమొస్తాంది…

ఇక్కడనా? మన చేపలోళ్ల సంఘమంత చెరువు కట్ట మీదనే ఉన్నది. బాలరాజన్న ఊకె గడియారం జూస్తాండు. "సుక్కమ్మా, రెండు గంటలంటివి, నీ విమానం నడిసొస్తాందా" అంటాండు… నవ్వకు. 

పోయినేడు పోసిన ఈడి పిల్ల అరచెయ్యంత గూడ పెరగలె, ఈసారి కలకత్తాదే తెద్దామని మొండికేసింది నేనే గదా. ఇవి సస్తే ఏడాదంత చెర్ల వల ఎయ్యనీకి ఏముంటది?…

ఆఁ, బిడ్డ తేజస్వే జూసింది ఫోన్ల. కలకత్తా నుంచి మన హైద్రాబాద్‌కు పన్నెండు వందల కిలోమీటర్లు, రెండుంబావు గంటలని. రైలుకైతే దినం పైన. ఇగ నేను మీటింగుల లేసి చెప్తి— డబ్బలల్లున్న నీళ్ల సంచులల్ల నింపిన గాలి పన్నెండు గంటలుంటది, రెండు గంటల తొవ్వకు ఏం రంది అని…

తెలుసు… తెలుసు తమ్మీ. ఆడ పొద్దుగాల ఐదుకే సంచులకు మూతి గట్టిండ్రు. విమానమేమో పదకొండుకు. గా ఆరు గంటలు నేను లెక్కల వట్టలె. దిగినంక గిట్ల ఆగుడు… మళ్ల ఆడికెల్లి మన శామీర్‌పేట చెరువుకు గంటన్నర… ఐదు గొట్టంగనే గాలి ఒడుస్తది…

ఏంది?… సారొచ్చిండా? ఉరుకు! నేను లైన్లనే ఉంట…

…

ఇచ్చిండ్రా! లెక్కవెట్టుకుంట కూసోకు. ఒక్క డబ్బ మూత దియ్యి… సంచి మీద వేలుతోని కొట్టు. బెదిరి ఉరికితే బతికున్నట్టు… కొట్టినవా?…

ఉరుకుతున్నయా లేదారా!…

పైకొచ్చి నోర్లు తెరుస్తున్నయా… అడుగున సచ్చి తెల్లగ పడ్డయెన్ని?…

గన్ని సచ్చినయా?…

ఇగ చాలు, మూతెయ్యి. బొలేరోల ఎక్కియ్యి, ఎండ దాకనియ్యకు, తడి గోనెలు గప్పు. …ఒక్క నిమిషం, ఫోన్ పెట్టకు.

బాలరాజన్నా! ఓ అన్నా, అందరు ఇటు ఇనుండ్రి! పిల్లలు కొన్ని పోయినయ్. ఉన్నయి పాణం బిగవట్టుకోని ఉన్నయ్. గాలిల రెండు గంటలే నిజం. నేల మీద ఎంతవడ్తదో నేను లెక్కవెట్టలె. తప్పు నాది. మా పోరిది గాదు, మా తమ్మునిది గాదు. తిట్టుడుంటే రేపు తిట్టుండ్రి. బండి వచ్చేలోపు నీళ్లల్ల నాసు పీకి జాగ జెయ్యాలె, రాంగనే సంచులు దించాలె, మోకాలు లోతుల వరుసగ నిలవడుండ్రి…

తమ్మీ… ఇన్నవా?…

ఆఁ, దిగుతాండ్రు. బాలరాజన్ననే ముందుగాల దిగిండు. చెప్పులు గూడ ఇడువలె…

ఏడుస్త లేను. నువ్వు పెట్టెయ్. స్టీరింగు వట్టు.