రెండు తీగలు కలిపిన కేబుల్

రక్తపరీక్షల మెషిన్‌ని కంప్యూటర్‌కి కలిపే కేబుల్‌ని రిపేర్లు చేసే బాబాయ్ విప్పుతున్నాడు. అతని అన్న కూతురు, ఆ ఆసుపత్రి ల్యాబ్ చూసుకునే అమ్మాయి, పక్కనే నిలబడింది.

“బాబాయ్, మెషిన్‌లో షుగర్ 410 అని ఉంది. కంప్యూటర్‌కి 41 అనే చేరింది. చివరి సున్నా ఏమైంది?”

“కంప్యూటర్ వేరే పనిలో ఉండి అందుకోలేదేమో.”

“అలాంటప్పుడు మెషిన్ ఆగాలి కదా. ‘సిద్ధమా’ అని అడిగి, జవాబు వచ్చాకే కదా అది పంపేది?”

“ఆ జవాబు కోసం మాటిమాటికీ ఆగిపోతోందని నువ్వే కదమ్మా నా ప్రాణం తీశావు.”

“అయితే ఏం చేశావు?”

“అడిగే తీగని, జవాబొచ్చే తీగకి కలిపేశాను. ఇప్పుడు దాని ప్రశ్నే దానికి జవాబు.”

“అంటే అవతల ఎవరూ వినకపోయినా చెప్పుకుంటూ పోతుందన్నమాట. ఎప్పటి నుంచి?”

“సోమవారం నుంచి.”

“ఆ 41 చూసి షుగర్ పడిపోయిందనుకుని, వార్డులో ఉన్న ఒక డ్రైవర్‌కి గ్లూకోజ్ ఎక్కించారు బాబాయ్. ఇప్పుడే పరుగెత్తుకెళ్ళి ఆపించి వచ్చాను.”

“మనిషి ఎలా ఉన్నాడు?”

“పిలిస్తే కళ్ళు తెరుస్తున్నాడు. మాట్లాడట్లేదు.”

“కేబుల్ పాడైందని చెబుదామా?”

“అలా చెబితే కొత్త కేబుల్ కొని ఊరుకుంటారు. సోమవారం నుంచి ఇచ్చిన రిపోర్టులన్నీ వెనక్కి ఎవరు తెప్పిస్తారు?”

“సరే, డాక్టర్‌తో నేనే చెప్తాను. నువ్వు ముందు మీ పిన్ని రిపోర్టు చూడు. మంగళవారం ఇచ్చావు, అంతా బాగుందని.”