రేసులో చెయ్యి సిగ్నలు

1979 ఆగస్టులో ఒక శుక్రవారం మాట్నీలో, కారు రేసు మంచి జోరు మీదుండగా హాలంతా గొల్లుమని నవ్వింది. హీరోకి డూపుగా ఆ కారు తోలిన టాక్సీ డ్రైవరు, ఇంటర్వెల్ ఇవ్వగానే బయటికొచ్చి టీ బడ్డీ వెనక నిలబడ్డాడు. అతను పెళ్లి చేసుకోవాలనుకున్న పిల్ల వాళ్లన్న అతన్ని వెతుక్కుంటూ వచ్చాడు.

"ఏటి బావా, ఇక్కడ నక్కినావు?"

"హీరోయిన్ కోసం పాట పాడి మరీ రేసుకెళ్లిన హీరో, పక్క కారుని దాటతా సెయ్యి బయటెట్టి సిగ్నలిచ్చేడు. నవ్వరేటి?"

"ఆ సెయ్యి నీదే గదా."

"నాదే. తగరపువలస రోడ్డు మీద టాక్సీ తోలిన అలవాటు. దానంతటదే లేసిపోనాది."

"డైరెక్టరు సూళ్లేదా?"

"సూసేడు. మళ్లీ తియ్యడానికి ఫిలిం లేదన్నాడు. మీ సెల్లి నవ్విందా?"

"అందరికన్నా గట్టిగా."

"మీ బాబు?"

"నవ్వలేదు."

"అయితే అయిపోనాది. రేసులు తోలినోడికి పిల్లనివ్వనని ముందే అన్నాడు గదా."

"ఆగు బావా. మా బాబు ఇన్నేళ్లూ బస్సు తోలినోడు. రేసులో కూడా ఎనకోడికి సెయ్యి సూపించేడంటే, ఈడు మన పిల్లని బద్రంగా సూసుకుంటాడన్నాడు."

"మరి మీ సెల్లి ఏటంది?"

"రేసు గెలిసినోణ్ణే సేసుకుంటానంది. సెకండాఫ్‌లో గెలుస్తావు గదా?"

"గెలుస్తాను. కారు దిగి దండేయించుకునేది మాత్రం హీరో."

"నీ దండ మా ఇంట్లో ఏయిస్తాం, పద."

రెండో ఆదివారం తాంబూలాలు పుచ్చుకున్నారు.