తెల్ల గ్లవ్స్

(ఆట మొదలవడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది. స్టేడియం మెట్ల కింద, జట్టు జెర్సీలూ బూట్లూ పెట్టుకునే చిన్న గది. గోల్‌కీపరూ, ఆ గది చూసుకునే పెద్దాయనా.)

"అది కాదు బాబాయ్, నల్లవి ఏవి అని అడుగుతున్నాను."

"చెప్పాను కదరా, నిన్న ఉతికినవి, ఇంకా తడారలేదని. ముందు కూర్చో. ఏవిట్రా ఆ చెమటలు?"

"తడారకపోతే తడివే తొడగాల్సింది. తెల్లవెందుకు తొడిగావు?"

"కొత్తవి కదా అని. పాప మొదటిసారి నీ ఆట చూడ్డానికి వస్తోందన్నావు. అంత దూరం నుంచి నాన్నెవరో గుర్తుపట్టాలి కదా అని ముచ్చటపడి తొడిగాను. అదీ తప్పేనా?"

"నువ్వు తొడిగేటప్పుడు నేను కళ్ళు మూసుకుంటానని తెలుసుగా!"

"ఎనిమిదేళ్ళయింది, తెలియకేం. నువ్వు చేతులు చాపి కళ్ళు మూసుకుంటావు, నేను పట్టీలు బిగించి వీపు మీద ఒకటి తడతాను. ఇవాళా అంతే చేశాను."

"ఆటకి ముందు వార్మప్‌లో మొదటి బంతి వచ్చి పడేదాకా చూసుకోలేదు బాబాయ్. చూసుకునేసరికే మైదానం మధ్యలో ఉన్నాను. వాడు చూసే ఉంటాడు."

"ఎవడు?"

"ఎవడో ఒకడులే."

"నీళ్ళు నమలకు. ఎవడు?"

"గొంతు తగ్గించు... తలుపు గడియ వేశావా?"

"వేశాను. చెప్పు."

"మూడు వారాల నుంచీ ఒకడు ఫోన్ చేస్తున్నాడు. పేరు చెప్పడు. ఇవాళ్టి ఆటలో ఇంటర్వెల్ లోపు రెండు గోల్స్ వదిలెయ్యాలిట. నేను పెట్టేశాను. మళ్ళీ చేశాడు. తిట్టాను. మళ్ళీ చేశాడు. చివరికి ఏమన్నాడో తెలుసా? నువ్వేం మాట్లాడక్కర్లేదు, ఒప్పుకుంటే తెల్ల గ్లవ్స్ తొడుక్కుని వార్మప్‌కి రా, మాకర్థమవుతుంది అన్నాడు."

"అయ్యో... అయ్యయ్యో. నా చేతులు పడిపోనూ!"

"అరవకు."

"ఉండరా, ఉండు. ఎవడో ఆకతాయి వెధవై ఉంటాడు. పదకొండు మంది ఆడే ఆట. ఒక్కణ్ణి పట్టుకుని ఆటంతా ఎలా తిప్పేస్తారు?"

"పదకొండు మందెందుకు బాబాయ్? నేనొక్కణ్ణి చాలు. చూపు తిప్పేంతసేపు ఆలస్యంగా దూకితే అయిపోయింది. టీవీలో పదిసార్లు తిప్పి తిప్పి చూపిస్తారు. పాపం, వేళ్ళకి తగిలి జారిపోయింది అంటారు. నన్ను జాలిగా చూస్తారు కూడా."

"మరి కోచ్‌గారికి చెప్పలేదే? పోలీసులకి?"

"చెబుదామనే అనుకున్నాను. రెండోసారి చేసినప్పుడు నా లాకర్ నంబరు చెప్పాడు. లోపల ఏ అరలో ఏముందో చెప్పాడు. మన వాళ్ళలోనే ఎవడో ఉన్నాడు బాబాయ్. ఎవడని తెలిసి, ఎవరికని చెప్పను?"

"అందుకని మూడు వారాలు కడుపులో పెట్టుకుని తిరిగావా? మీ ఆవిడక్కూడా..."

"చెప్పలేదు."

"నాకైనా చెప్పొచ్చు కదరా! ఏం, నన్నూ అనుమానించావా?"

"ఇంతకుముందెప్పుడూ లేదు. ఇందాక గ్లవ్స్ చూసుకున్నప్పుడు... ఒక్క క్షణం... తప్పే బాబాయ్. ఆ క్షణంలో ఎవరున్నా అనుమానించేవాణ్ణి."

"అనుమానించు, పర్లేదు. చేతులారా నిన్ను గోతిలోకి తోసినవాణ్ణి... ఏం మాట్లాడుతున్నానో నాకే తెలియట్లేదు. ఒరేయ్, వాడికి ఫోన్ చేసి చెప్పు. పొరపాటైంది, ఆ ముసలాడు తొడిగాడు అని చెప్పు. కావాలంటే నేను మాట్లాడతాను."

"నంబరు కనపడదు. వాడే చెయ్యాలి."

"అయితే చేసినప్పుడే..."

"చేశాడు. అంటే, చెయ్యలేదు. ఈ ఫొటో పంపాడు. మైదానం నుంచి లోపలికొచ్చి ఫోన్ తీసేసరికి ఉంది. చూడు."

"కళ్ళజోడు బయట పెట్టాను... ఇది పాప కదూ? గులాబీ గౌను... పక్కన మీ ఆవిడ. ఇవాళ తీసిందేనా?"

"ఇప్పుడు తీసింది. వెనక సీట్లోంచి."

"అమ్మో. కిందేదో రాశాడు..."

"'పాప బుద్ధిగా కూర్చుంది.' అంతే. ఇంకేం రాయలేదు. తెల్ల గ్లవ్స్ చూశాడు, నేను ఒప్పుకున్నాననుకున్నాడు. ఇప్పుడు మాట తప్పితే ఏమవుతుందో చెబుతున్నాడు. గోల్ ముందు నిలబడగలనా నేను?"

"మీ ఆవిడకి ఫోన్ చెయ్యి. పాపని తీసుకుని బయటికి వచ్చెయ్యమను."

"ఆరుసార్లు చేశాను. ఆ డప్పుల మోతలో ఎక్కడ వినపడుతుంది?"

"నేను వెళ్ళి తీసుకొస్తాను, ఉండు."

"వద్దు! నువ్వెవరో వాడికి తెలుసు. నువ్వు అక్కడ కనపడగానే ఏదైనా చేస్తే? నువ్వు కదలకు. నువ్వు కదలకు బాబాయ్."

"సరే, సరే. కదలను. ఆలోచిద్దాం. నువ్వు ఆడి గోల్స్ వదిలేస్తే..."

"వదల్లేను. అది నా వల్ల కాదు. బంతొస్తే నా చేతులు నా మాట వినవు."

"వదలకపోతే పాప."

"ఆ మాట అనకు."

"మరి... ఒరేయ్, అసలు నువ్వు ఆడకపోతే?"

"అంటే?"

"వార్మప్‌లో వేలు మడతపడింది. బంతి పట్టలేను అని చెప్పు. అంతే. దెబ్బ తగిలినవాణ్ణి మాట తప్పావని ఎవడంటాడు? వాడికి కోపమొస్తే దేవుడి మీద రావాలి గానీ నీ మీద కాదు. గోల్స్ వదిలిన పాపమూ నీకు రాదు."

"పాప నా ఆట చూడ్డానికి వచ్చింది బాబాయ్. వారం నుంచీ నిద్రలో కూడా అదే మాట."

"ఇంకోసారి చూస్తుంది. ముందు పిల్ల క్షేమంగా ఇల్లు చేరాలి. నా తప్పుకి నువ్వు బలైపోతే నేను తట్టుకోలేనురా. చెయ్యి ఇలా తే."

"ఏ వేలు?"

"చూపుడువేలు. పట్టీ వేస్తున్నాను. గట్టిగా ఉందా?"

"ఉంది."

"ఇంకో చుట్టు... అదిగో, కోచ్‌గారు తలుపు కొడుతున్నారు. నేను తీస్తాను, నువ్వు మాట్లాడకు."

"ఏవయ్యా, అందరూ వరసలో నిలబడితే మీరిద్దరూ ఇక్కడ కబుర్లా? ఆ కట్టేమిటి?"

"వేలండీ. వార్మప్‌లో మడతపడింది. పిడికిలి బిగించలేకపోతున్నాడు."

"ఇప్పుడా చెప్పేది! నా ఖర్మ... నిజంగా వల్ల కాదా?"

"కాదు సార్. క్షమించండి."

"చంపారు కదయ్యా. ఆ రెండో కీపర్, పొడుగోడు ఎక్కడ? ఎవరైనా వాణ్ణి పిలవండి! రెఫరీకి చెప్పండి, పేరు మార్చమని!"

"వెళ్ళిపోయారు. అయిపోయింది నాన్నా. ఊపిరి తీసుకో. బట్టలు మార్చుకుని వెళ్ళి పాప పక్కన కూర్చో."

"అమ్మయ్య... ఏడుపొస్తోంది బాబాయ్."

"ఏడువు. ఇక్కడ నేనొక్కణ్ణే ఉన్నాను."

"పాపం పొడుగోడు. వాడు ఒక ఆట ఆడి ఆర్నెల్లయింది. ఉన్నట్టుండి ఇంత పెద్ద ఆటలో దిగమంటే హడలిపోతాడు."

"వాడా? వాడికేం హడలు లేదులే, నిశ్చింతగా ఉన్నాడు. నా చేత బూట్లకి కొత్త లేసులు కూడా వేయించుకున్నాడు. ఎందుకురా, బెంచీ మీద కూర్చోడానికా అని ఏడిపిస్తే, చూస్తుండు బాబాయ్, ఇవాళ ఆడేది నేనే అన్నాడు."

"ఎప్పుడన్నాడు?"

"పొద్దున్నేరా. నువ్వింకా బస్సు కూడా దిగలేదు."