చిలకపచ్చ చీర

ఒంట్లో బాగోలేని మామ్మగారికి ప్రార్థన చేసి వెళదామని వచ్చిన పాస్టరుగారి భార్య, మంచం మీద పరిచి ఉన్న చిలకపచ్చ పట్టుచీర చూసి కూర్చోబోతూ ఆగింది.

“ఇదెందుకండీ మామ్మగారూ?”

“నన్ను పెట్టెలో పెట్టేటప్పుడు కట్టడానికి. తల్లో కనకాంబరాలు కూడా పెట్టాలి.”

“మన సంఘంలో తెల్లచీరే కదండీ! పూలు అసలే పెట్టుకోం. పెద్దలు ఊరుకోరు.”

“పెట్టెలో పడుకునేది పెద్దలా, నేనా?”

“సమాధికి చోటు ఇవ్వం అంటారండి.”

“అనమనండి. రెండ్రోజులు వాళ్ల వాకిట్లోనే ఉంటాను. వాసనకి వాళ్లే ఇస్తారు.”

“అయ్యో, అవేం మాటలండీ! వాట్సాప్ గ్రూపులో ఫొటోలు పెట్టి మరీ ఆడిపోసుకుంటారు.”

“పెట్టుకోనివ్వండి, పచ్చరంగులో నేను బాగుంటాను. అయినా మూత పడేదాకానే వాళ్ల గోల. ఆ తర్వాత నేనూ, దేవుడూ. ఆయనకి రంగులు గిట్టకపోతే చిలకలకి సున్నం కొట్టి వదిలేవాడు.”

“ఆయన కూడా వద్దంటేనండీ?”

“నోరుమూసుకుని తెల్లదే కట్టుకుంటాను. కానీ ఆ మాట ఆయన చెప్పాలి, మీ పెద్దలు కాదు.”

పాస్టరమ్మగారు నవ్వు ఆపుకుని ప్రార్థన చేసి లేచింది. పెళ్లయ్యాక తెలుపు తప్ప మరో రంగు కట్టని మనిషి, గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చి జరీ అంచు ఒకసారి తడిమింది.

“మామ్మగారూ, నాకు నెమలికంఠం రంగంటే ఇష్టమండీ. ఆ సంగతి ఎవరికి చెప్పి ఉంచాలండీ?”

“నాకు చెప్పారుగా. ముందు వెళ్లేది నేనే. ఆయన చెవిన వేసి ఉంచుతాను.”