దానంతటదే వెళ్తున్న కాల్

సెల్‌ఫోన్ రిపేరు షాపు, మధ్యాహ్నం. బల్లకి ఇటు మెకానిక్, అటు తమ్ముడి ఫోన్ తెచ్చిన ఒక అమ్మాయి.

“స్క్రీన్ ఎవరు మార్చారు చెల్లెమ్మా?”

“నేనే.”

“మీరా!”

“వీడియో చూసి. బాగానే వెలుగుతోంది కదన్నా?”

“వెలగడానికేం, వెలుగుతోంది. వేలు పెట్టకుండానే నొక్కుకుంటోంది. ఇదిగో చూడండి, కెమెరా తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది. ఎన్నాళ్ల నుంచి?”

“మార్చిన రోజు నుంచే. పది రోజులు. ఒక్కోసారి అక్షరాలు కూడా కొడుతోంది.”

“ఏమని?”

“అ, అ, అ అని. ‘అక్క’ అని రాయబోతోందేమోనని... ఏం లేదులెండి.”

“స్క్రూలేమైనా మిగిలాయా?”

“రెండు.”

“మిగుల్తాయి. అసలు ఇదేంటి, లోపల పాత గాజు పెంకులు అలాగే వదిలేశారే! పాత జిగురు కూడా గీకలేదు. దాని మీదే కొత్త స్క్రీన్ అంటించేస్తే కింద నుంచి గుచ్చుతూ ఉంటుంది. ఆ గుచ్చుకోవడాన్నే వేలనుకుంటోంది ఫోన్.”

“అంతేనా? ఇంకేం కాదా?”

“ఇంకేముంటుంది? దెయ్యం పట్టిందనుకున్నారా?”

“అబ్బే.”

“మొదటే షాపుకిస్తే పోయేదిగా?”

“అందరూ వేళ్లు పెడతారని.”

“ఫ్రేమ్ కూడా వంగింది. ఎలా పడిందేంటి?”

“పడింది.”

“చేతిలోంచి జారితే ఇలా వంగదు చెల్లెమ్మా.”

“బండి మీంచి. తమ్ముడిది.”

“అయ్యో. తమ్ముడికేం కాలేదు కదా?”

“ఆ పెంకులు తీసేస్తే ఆగిపోతుందా అన్నా?”

“తమ్ముడికి...”

“రెండు నెలలైంది.”

“...తెలీక అడిగా తల్లీ.”

“పర్లేదు. మీరు పని చూడండి.”

“కాల్స్ కూడా వెళ్తున్నాయే. లిస్టు నిండా అమ్మ, అమ్మ, అమ్మ...”

“కింద మూల అమ్మ నంబరు పెట్టుకున్నాడు వాడు, ఒక్క నొక్కుకే కలిసేలా. ఆ మూలే నొక్కుకుంటోంది.”

“సిమ్ తీసేయాల్సింది.”

“తీయబుద్ధి కాలేదు.”

“మరి ఆవిడ ఫోన్లో కొడుకు పేరు పడితే...”

“తీస్తుంది. మాట్లాడుతుంది. అరగంట, ముప్పావుగంట. తలుపేసుకుని ఆ గదిలోనే ఉంటోంది, మళ్లీ ఎప్పుడు మోగుతుందా అని. భయంగా ఉందన్నా. ఆవిడకేమైనా అయితే అదీ నా వల్లే.”

“ఇటు నుంచి మీరు కట్ చేసేయొచ్చుగా?”

“చేయొచ్చు.”

“చేయలేదా?”

“చెవి దగ్గర పెట్టుకుంటా. గోడకి ఇవతల కూర్చుని. నోరు మెదపను.”

“ఏమంటారు ఆవిడ?”

“‘కన్నా, నీ తప్పేం లేదు, వేళకి తిను, పడుకో’ అంటుంది. వాడికి.”

“వినడమెందుకమ్మా, గుండె తరుక్కుపోదూ?”

“నాతో మాట్లాడదు కాబట్టి. రెండు నెలలుగా అంతే. కంచంలో వడ్డిస్తుంది, బట్టలు మడతేస్తుంది. మాట మాత్రం లేదు. ఆ గొంతు వినపడేది అందులోనే.”

“మీరేం చేశారని?”

“ఆ రోజు వాడికి ఫోన్ చేసింది నేనే. ‘బండి మీదున్నానక్కా, పెట్టేయ్’ అన్నాడు. చిన్న గొడవ, దేని గురించో కూడా గుర్తులేదు. ‘పెట్టావంటే చూడు’ అన్నా. వాడు పెట్టలేదు.”

“ఇదిగోనమ్మా, చివరి పెంకు.”

“అయిపోయిందా అన్నా?”

“అయిపోయింది. పెంకులన్నీ వచ్చేశాయి. చూడండి, నిలకడగా ఉంది. ఇక దానంతటది ఎక్కడికీ వెళ్లదు.”

“అయితే ఇక అమ్మకి మోగదు.”

“మోగదు. అదే కదా మీరడిగింది?”

“అదే. అదే అడిగా.”

“ఏడవకమ్మా. కాసిని మంచినీళ్లు... ఉండు, మోగుతోంది. ఇది వెళ్లేది కాదు, వచ్చేది. అమ్మ అని పడింది.”

“తీయకండి!”

“అయ్యో, వేలు తగిలిపోయింది. స్పీకర్‌లో...”

“హలో. ఏమే, షాపులో ఉన్నావా? అలమరలో ఫోన్ లేకపోతే అనుకున్నా.”

“అమ్మా... నేను...”

“బాగు చేయిస్తే చేయించు. వాడు లేడని నాకు తెలీదనుకున్నావా? గోడవతల నువ్వు ముక్కు ఎగబీల్చేది వినపడదనుకున్నావా? నీ ముఖం చూస్తే నోరు పెగల్లేదే నాకు. ఈ పది రోజులూ నేను మాట్లాడింది నీతోనే.”